మొదటి పళ్ళెంలో లవంగం జీళ్ళు

యలమంచిలిలో ఒక వీధి ఆడవాళ్ళంతా ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి మాట రాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాఫీ నోట్లో పోసుకుంటే గడ్డం మీదుగా చీరల మీదికి దిగింది. హారతి పాట ఎత్తుకుంటే పల్లవి దగ్గరే చతికిలపడింది. ఒకావిడైతే తనకి పక్షవాతం వచ్చేసిందని కొడుక్కి ఫోన్ చేసి, తీరా అతను ఎత్తాక చెప్పడానికి నాలుక తిరక్క భోరుమంది. ఇది ఎవరి దిష్టో తగిలి జరిగింది కాదు. మూడు చిన్న సీసాలు, ఈ నా రెండు చేతులు, కడుపు నిండా అసూయ, ఇవన్నీ కలిసి చేసిన పని. చెబుతాను వినండి. మధ్యలో నవ్వు వస్తే ఆపుకోనక్కర్లేదు. మావారి తరఫు చుట్టాలు ఎవరూ ఆపుకోలేదు.

మాది నర్సీపట్నం. మేడ మీద మేము, కింద మా మరిదీ వాళ్ళూ ఉంటాం. మా అత్తగారు మాత్రం ఏ వంటింట్లోంచి మంచి వాసన వస్తే ఆ ఇంట్లో ఉంటారు. చాలా ఏళ్ళు ఆవిడ మేడ మీదే ఉన్నారు. సున్నుండలైనా, అరిసెలైనా, తీర్థాల్లో అమ్మేలాంటి బెల్లం జీళ్ళైనా మా బంధువుల్లో నా తర్వాతే ఎవరైనా. "సత్యవతి చెయ్యి పడితే చాలు" అని పదిమందీ అంటుంటే, నేను పైకి "అబ్బే, అదేం లేదండీ" అంటూ లోపల "ఇంకొకసారి అనండి" అనుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా మరిదికి పెళ్ళయింది. కోటవురట్ల నుంచి మౌనిక వచ్చింది. అందరు కొత్త కోడళ్ళూ పెట్టెల్లో చీరలు తెచ్చుకుంటారు. ఈ అమ్మాయి కేకుల గిన్నెలు, గుడ్లు గిలక్కొట్టే మిషను, ఒక ఓవెను తెచ్చుకుంది. వీటన్నిటినీ నేను క్షమించగలిగాను. క్షమించలేకపోయింది ఆ సీసాల్ని.

వంటింటి కిటికీలో వరసగా నిలబెట్టింది వాటిని. బొటనవేలంత సీసాలు. ఒకటి నారింజ, ఒకటి పిప్పర్‌మెంటు, ఒకటి స్ట్రాబెర్రీ, ఇంకా నేను పేరు పలకలేనివి ఏవేవో. పొద్దున్న ఎండ వాటిమీద పడితే కిటికీ అంతా రంగులే. నా వంటింటి కిటికీలో ఏముంది? అంట్లు తోమే పీచు ఉంది.

"ఏటమ్మా ఇవి? హోమియోపతి మందులా?" అన్నాను, తెలియక కాదు, కుళ్ళుకొద్దీ.

"కాదక్కా, ఫ్లేవర్ ఆయిల్స్. ఆన్‌లైన్‌లో తెప్పించినాను. కేకుకి ఒక్క సుక్క వేస్తే చాలు, ఇల్లంతా వాసనొచ్చేస్తాది."

"ఒక్క చుక్క చాలితే మరి సీసా మొత్తం ఎందుకు కొన్నావు?"

అది నిజంగానే నవ్వింది. నా వెటకారానికి ఎవరైనా మనస్ఫూర్తిగా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. వెటకారం చేసిన ప్రయోజనం ఏముంది చెప్పండి?

ఆ నెలలోనే మా అత్తగారు కిందికి కాపురం మార్చేశారు. పైకి వచ్చినా కబుర్లన్నీ కిందివే.

"ఒలే సత్తివతీ, మౌనిక సేసిన కేకు తిన్నావేటే? నోట్లో ఎడితే కరిగిపోతంది. నారింజకాయ ఒలుసుకుని తింతన్నట్టే ఉంది."

"నారింజకాయే ఒలుచుకు తినొచ్చు కదండీ. సంతలో దొరుకుతున్నాయి."

"అదేటి అలాగంతావు! బావున్నదాన్ని బావుందననీవు కదా నువ్వు."

నిజమే, అననివ్వను. కడుపుమంటకి మజ్జిగ తాగినా తగ్గలేదు. ఆ అమ్మాయి కేకులకి వీధి చివరి నుంచి కూడా ఆర్డర్లు రావడం మొదలయ్యాక, గుమ్మంలో బండి ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, నేను బాల్కనీలోంచి తొంగి చూసి ఎవరొచ్చారో, ఎంత పెద్ద డబ్బా పట్టుకెళ్తున్నారో గమనించేదాన్ని. మావారు ఒకసారి "బట్టలు ఆరేయడానికి ఇంతసేపా?" అన్నారు. ఆ రోజు నా చేతిలో బట్టలే లేవు.

ఇంతలో మా ఆడపడుచు స్వాతి సీమంతం వచ్చింది. స్వాతి అత్తవారిది యలమంచిలి. పుట్టింటివాళ్ళం మేము సారె పట్టుకెళ్ళాలి. మా వైపు సారె అంటే తెలుసు కదా, వీధి మొదట్లో బండి దిగి, ఆడవాళ్ళందరం తలా ఒక పళ్ళెం పట్టుకుని వరసగా నడుచుకుంటూ వెళ్తాం. మొదటి పళ్ళెం ఎవరు పట్టుకుంటారో వాళ్ళే ఆ సారెకి పెద్ద. అందులో ఉన్న స్వీటే అందరికీ ముందు పంచుతారు. "ఇది ఎవరు చేశారు?" అని వియ్యాలవారి వీధి వీధంతా అడిగేది కూడా ఆ పళ్ళెం గురించే. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆ పళ్ళెం నాదే. నేను పెద్దకోడల్ని.

అత్తగారు ఓ సాయంత్రం మా ఇద్దరినీ కూర్చోబెట్టి, చల్లగా చెప్పారు. "ఈసారి మొదటి పళ్ళెంలో మౌనిక కేకు ఎడదామనుకుంటన్నాను."

నా గుండెల్లో రాయి పడింది. పడనీ అని ఊరుకునే రకాన్ని కాదు కాబట్టి వెంటనే ఎత్తుకున్నాను.

"సారె ముందు దేవుడి దగ్గర పెడతారు కదండీ. కేకులో గుడ్డు ఉంటుంది. ఎలా పెడతారు?"

"గుడ్డు లేకుండా సేస్తానక్కా," అంది మౌనిక.

"కేకంటే పుట్టినరోజుకి కోసేది. సీమంతానికి ఎవరైనా పట్టుకెళ్తారా?"

"మొన్న ఎస్. రాయవరంలో ఎవులో పట్టికెళ్ళినారటే," అన్నారు అత్తగారు.

ఇక లాభం లేదని కళ్ళనీళ్ళు పెట్టేసుకున్నాను. "పెద్దకోడలు బతికుండగా చిన్నకోడలు ముందు నడిస్తే, వాళ్ళేమనుకుంటారండీ? నాకేదో జబ్బు చేసిందనుకోరూ?"

మౌనిక కంగారుపడిపోయింది. "అయ్యో, అక్క పళ్ళెమే ముందు ఎట్టండి అత్తయ్యా. నాది రెండోది. ఏటయింది ఇప్పుడు?"

చూశారా? గెలిపించింది కూడా అదే. దాని జాలితో వచ్చిన గెలుపు నాకు గొంతు దిగలేదు.

"సరే, నీదే ముందు," అన్నారు అత్తగారు. "కానీ దాన్లో ఏదో కొత్తదుండాల. నాగమణి గారు నీ సున్నుండలు తిని తిని ఇసిగిపోయుంటారు. ఇంకోటి సెప్తన్నాను, ఇద్దరూ ఇనండి. దేవుడికి సూపించకుండా ఎవులూ రుచి సూడకూడదు. ఏలు నాకినారంటే సారె ఎంగిలైపోతాది."

నాగమణి గారంటే స్వాతి అత్తగారు. ఆవిడ బాగుందంటే యలమంచిలిలో ఆ స్వీటు బాగున్నట్టే. ఆవిడ నోట "సత్యవతి జీళ్ళు" అనిపించి, ఆ మాట మౌనిక చెవిన పడేలా చేయాలని నా పంతం.

జీళ్ళంటే మామూలు జీళ్ళు కావు. కొత్త వాసనతో జీళ్ళు. ముందుగా వెనీలా ఎసెన్సు తెచ్చి కొంచెం పాకంతో ప్రయోగం చేశాను. మరుగుతున్న బెల్లం పాకంలో మూతడు పోశాను. చుయ్యిమంది. వాసన గుప్పున లేచి, కిటికీలోంచి బయటికి పోయి, పక్కింటావిడ "ఐస్‌క్రీం చేస్తున్నారా?" అని అరిచేదాకా వెళ్ళింది. జీడి నోట్లో వేసుకుంటే మాత్రం వెనీలా లేదు, వట్టి బెల్లమే ఉంది. ఎసెన్సు వేడికి ఎగిరిపోతుందనీ, నూనె అయితేనే నిలబడుతుందనీ మౌనిక ఫోన్లో ఎవరికో చెబుతుంటే మెట్లమీద నిలబడి విన్నాను. విన్నానేగానీ, దాన్ని అడగడానికి రెండు రోజులు నాతో నేను పోట్లాడాను.

"మౌనికా, ఆ నారింజ సీసా ఓసారి ఇయ్యమ్మా. జీళ్ళలో వేద్దామని."

"అయ్యో, అదే కేకులో వేస్తున్నానక్కా. అయినా అది శానా ఘాటు. అలవాటు లేకపోతే కష్టం. పోనీ, పాకం అయినాక పిలవండి, నానొచ్చి వేసేస్తాను."

అలవాటు లేకపోతేనా! దీనికి పాలపళ్ళు ఊడని రోజుల్లోనే నేను పాకం పట్టాను. నా పాకంలో చుక్క వేయడానికి కిందినుంచి ఇది మెట్లెక్కి రావాలా? "అక్కర్లేదులే తల్లీ" అని నవ్వేసి వచ్చేశాను. మెట్లు ఎక్కుతుంటే మోకాళ్ళు కాదు, కళ్ళు మండాయి.

ఆన్‌లైన్‌లో తెప్పిద్దామంటే సీమంతం ఎల్లుండే. నర్సీపట్నంలో నేను వెదికిన కొట్లలో ఎసెన్సులే తప్ప నూనెలు లేవు. ఆఖరికి మెడికల్ షాపు ముందు నిలబడితే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. లవంగ నూనె! లవంగం వంటింటి వస్తువే కదా. బిర్యానీలో వేస్తాం, లడ్డూలో వేస్తాం. నూనె నూనే. మౌనిక దగ్గర లేనిది కూడాను.

"లవంగ నూనె ఇవ్వండి," అన్నాను.

"పై పన్నా, కింద పన్నా అండి?" అన్నాడు షాపతను.

"పన్నుకి కాదు. స్వీట్లోకి. మూడు సీసాలివ్వండి."

అతను సీసాలు తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు. "మూడా? ఈదిలో అందరికీ ఒక్కసారే నొప్పేటండి?"

"మీకెందుకండీ, ఇవ్వండి."

"ఒక్క సుక్క సాలండమ్మా. శానా ఘాటు."

ఇదే మాట! ఇతనికి కూడా మౌనికే చెప్పి పంపిందా అనిపించింది. ఒక్క చుక్క చాలు, ఒక్క చుక్క చాలు. ఇంతమంది కలిసి నన్ను ఒక్క చుక్క దగ్గర ఆపాలని చూస్తున్నారంటే, రెండో చుక్కలో ఏదో మహత్తు ఉండే ఉండాలి. అప్పటి నా తెలివి ఆ స్థాయిలో ఉండేది.

మర్నాడు స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, సారె వంటకి కూర్చున్నాను. బెల్లం పాకం బాగా ముదిరింది. నీళ్ళలో వేస్తే గట్టిగా బిళ్ళ కట్టింది. పొయ్యి ఆపి, లెక్కగా కొన్ని చుక్కలు వేశాను. అబ్బ, ఏం చెప్పను! ఆ ఆవిరి ముక్కులోంచి వెళ్ళి నడినెత్తిన తేలింది. హాల్లో పేపరు చదువుతున్న మావారు "ఏమైంది? ఏమైంది?" అంటూ దగ్గుకుంటూ వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వెళ్ళిపోయారు. నాకు పరమానందం కలిగింది. ఇదీ వాసనంటే! కిందికి కూడా పోయి ఉంటుంది. తెలియాలి, కొందరికి తెలియాలి.

పాకాన్ని నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, కాస్త ఆరాక ముద్ద చేసి, గోడ మేకుకి తగిలించి లాగడం మొదలుపెట్టాను. జీడికి ప్రాణం ఆ లాగుడులోనే ఉంది. లాగి, మడిచి, మళ్ళీ లాగుతుంటే నల్లటి బెల్లం బంగారు రంగులోకి తిరుగుతుంది. కొంతసేపు లాగాక ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు. అసలేమీ లేదు.

ఇక్కడ తెలిసినవాళ్ళకి అర్థమైపోయి ఉంటుంది. వాసన పోలేదు, పనిచేయడం మానేసింది నా ముక్కు. ఘాటైన వాసనలో చాలాసేపు ఉంటే ముక్కు విసిగిపోయి పట్టించుకోవడం మానేస్తుందట. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇది కూడా వెనీలాలాగే ఎగిరిపోయిందని హడలిపోయాను. ఒక ముక్క నోట్లో వేసుకుంటే నిజం తెలిసిపోయేది. కానీ దేవుడికి చూపించేదాకా వేలు నాకకూడదు. నేను ఎన్ని తప్పులు చేసినా సారె ఎంగిలి చేసే మనిషిని కాను.

"ఏవండీ, ఓసారి వచ్చి వాసన చూడండి. లవంగం తెలుస్తోందా?"

మావారు వచ్చి ఊపిరి పీల్చారు. "ఏమీ తెలియట్లేదు. నాకు జలుబు చేసినట్టుంది."

ఆయన పొద్దుట్నుంచీ అదే ఇంట్లో ఉన్నారని నాకు తట్టలేదు. మొదటి సీసా మొత్తం వంచాను. లాగాను. వాసన లేదు. రెండో సీసా వంచాను. పనిలో పనిగా మూడోది కూడా. మౌనిక ఒక్క చుక్క మనిషి, నేను మూడు సీసాల మనిషిని అనుకుంటూ కత్తెరతో జీళ్ళు కత్తిరించి నువ్వుల్లో దొర్లించాను. చూడ్డానికి ముత్యాల్లా ఉన్నాయి. ఆ విషయంలో నన్నెవరూ తప్పు పట్టలేదు, ఇప్పటికీ.

సీమంతం రోజు అందరం వ్యాను ఎక్కాం. నా పళ్ళెం నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. కోటవురట్ల దాటకముందే డ్రైవరు అద్దాలన్నీ దించేసి, "ఎవులికండి పన్ను నొప్పి?" అన్నాడు. నేను వినిపించుకోలేదు. మౌనిక మెల్లిగా వంగి నా చెవిలో చెప్పింది.

"అక్కా, జీళ్ళ వాసన గట్టిగా ఉందేమో. ఎంత వేసినారు?"

ఆహా! నా జన్మ ధన్యమైంది. మొదలైంది దీనికి కుళ్ళు అనుకున్నాను. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోసిన బరువులో ఈ అమ్మాయి సగం ఎత్తుకున్నట్టు అనిపించింది. "సరిపడా వేశానమ్మా. అలవాటే కదా," అన్నాను, ఆ అలవాటు అనే మాటని బాగా సాగదీసి.

యలమంచిలిలో బండి దిగాం. మొదటి పళ్ళెంతో నేను ముందు, కేకు పళ్ళెంతో మౌనిక నా వెనక. మెడ తిప్పకుండా నడిచాను. సారె దేవుడి దగ్గర పెట్టారు. స్వాతికి గాజులు తొడిగారు. డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నారని దానికి శాస్త్రానికి కాసింత చలిమిడి మాత్రం నోటికి అందించి, మిగతావాళ్ళకి పంచడం మొదలుపెట్టాం. ముందు నా జీళ్ళే. నేనే స్వయంగా అందరి చేతుల్లోనూ రెండేసి పెట్టాను. మౌనిక చేతిలో మూడు పెట్టాను. నేను మాత్రం తినలేదు. నా దవడ పన్నుకి క్యాపు ఉంది. జీడి నమిలితే క్యాపు జీడితో పాటు వచ్చేస్తుంది.

నాగమణి గారు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"అబ్బ! లవంగం వేసినారా? గుమగుమలాడిపోతంది. నోరంతా సల్లగా అయిపోయింది. ఎవులు సేసినారమ్మా?"

"మా పెద్దకోడలండి," అన్నారు అత్తగారు, అదేదో తనే చేసినంత గొప్పగా.

అదీ మాట! నేను ఓరకంట మౌనికని చూశాను. అది జీడి చప్పరిస్తూ నాకేసి చూసి నవ్వి, బాగుందన్నట్టు తల ఊపింది. నా జీవితంలో అంతటి సంతోషం మళ్ళీ కలగలేదు. అది ఒక జీడి నమిలినంతసేపు ఉంది.

మొదట ఒకావిడ బుగ్గ పట్టుకుంది. ఇంకొకావిడ వేలితో పెదవి తడిమి, అది అక్కడే ఉందో లేదో చూసుకుంది. నాగమణి గారు "హారతి పట్టండమ్మా" అనబోయారు. సగం మాట లోపలే ఉండిపోయింది. ఆవిడ ఆశ్చర్యపోయి, ఎవరన్నారా అని చుట్టూ చూశారు. పాట పాడేవాళ్ళు ఎత్తుకున్నారు. మాటలు రాక, రాగం మాత్రం బయటికొచ్చింది. కాఫీలొచ్చాయి. సగం నోట్లోకి, సగం ఒళ్ళోకి వెళ్ళాయి. ఫోన్ చేసి ఏడ్చిన ఆవిడ సంగతి ముందే చెప్పాను. మౌనిక తన నాలుక తనే కొరుక్కుని, నొప్పి తెలియక, రక్తం వచ్చిందేమోనని అద్దంలో చూసుకుంటోంది.

ఆఖరికి ఒక ముసలమ్మ, చెంప మీద చెయ్యి పెట్టుకుని, తంటాలు పడుతూ అంది. "నా దవడ పన్ను పీకినప్పుడు... డాకతరు సూదేసినప్పుడు... అచ్చం ఇలాగే..."

గదిలో ఉన్న కళ్ళన్నీ ముందు పళ్ళెం వైపూ, తర్వాత నా వైపూ తిరిగాయి. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. గోడ ఉంది.

అంతలో కేకు పంచారు. గట్టి జీళ్ళు లాగి లాగి అలిసిపోయిన నోళ్ళకి మెత్తటి కేకు తగిలేసరికి అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. తలలు ఊపారు. చేతులతో సైగలు చేశారు. నాగమణి గారు నాలుక కూడదీసుకుని "దూదిలా ఉంది" అన్నారు. మౌనిక సిగ్గుపడిపోతూ తనూ ఒక ముక్క తిని తల ఊపుకుంది. నాకూ ఒక ముక్క ఇచ్చారు. తినక తప్పలేదు.

చేదు! వేపాకు నమిలినట్టు చేదు. పైన క్రీము తియ్యగానే ఉంది. దాని కింద కేకు అంతా గోడకి వేసే పెయింటు రుచి. ఆ గదిలో నాలుక సరిగ్గా ఉన్నది నాకొక్కదానికే కదా! దేవుడున్నాడు అనుకున్నాను. ఒక్క క్షణం ఊరుకుంటే బాగుండేది. ఊరుకున్నానా?

"ఈ కేకు చేదుగా ఉంది!" అని అరిచాను.

మా అత్తగారు మెల్లిగా నా దగ్గరికొచ్చారు. మామూలు మాటలకి తిరగని నాలుక తిట్టడానికి మాత్రం చక్కగా తిరిగింది.

"సిగ్గు నేదేటే? ఊరందరి నోళ్ళూ పడగొట్టినావు. సాలక దాని కేకు సేదంతావా? ఎంత ఓర్వలేనితనమే నీకు!"

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. సగం నాలుకలు పనిచేయక, సగం నా మొహం చూడ్డం ఇష్టం లేక.

సాయంత్రం మౌనిక మేడమీదికొచ్చింది. చేతిలో చిన్న పళ్ళెం, అందులో కేకు పైభాగం చదును చేయడానికి కోసేసిన ముక్కలు. మొహం వాడిపోయింది.

"అక్కా, మీరు సెప్పింది నిజమే. నాలుక బాగయినాక ఇది తిన్నాను. విషంలా ఉంది. ఆ నారింజ నూనె కిటికీలో ఎండకి పాడైపోయింది. వాసన రావట్లేదని శానా పోసేసినాను. రుచి సూడకూడదు కదా, తెలియలేదు. ఆ జీళ్ళే లేకపోతే, అక్కా, నా పరువు ఏటయిపోయేది!"

అప్పుడు అర్థమైంది. నేను ఏడ్చి, పోట్లాడి, మొదటి పళ్ళెం సంపాదించకపోతే, ముందు కేకే పంచేవారు. యలమంచిలి మొత్తం ఆ చేదు తినేది. దాని పరువు కాపాడ్డానికే నేను మూడు సీసాలు ఖర్చుపెట్టానన్నమాట. అయినా సరే, పళ్ళెంలో ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. ఎంత చేదు! ఇంకొకటి వేసుకున్నాను. అది అక్కడే కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, నేను "అయ్యో పాపం" అంటూ ఒక్కొక్కటే నమిలాను. అంత రుచికరమైన చేదు నేను ఎన్నడూ తినలేదు.

"పదండక్కా, అత్తయ్యకి నానే సెప్పేస్తాను," అంది. ఇద్దరం కిందికి వెళ్ళాం. మౌనిక ఏమీ దాచుకోకుండా అంతా చెప్పేసింది. అత్తగారు విని, దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరారు.

"సూసినావేటే సత్తివతీ దీని మంచితనం! నీ పరువు పోయిందని, నిన్ను ఎనకేసుకు రాడానికి, బంగారంలాంటి తన కేకుని సేదని సెప్పుకుంతంది."

"నేదత్తయ్యా, నిజంగానే సేదు! కావలిస్తే ఆ ముక్కలు తిని సూడండి!"

"ఏదీ, ఇటియ్యి. బేగి తే."

మౌనిక నా చేతిలో పళ్ళెం వైపు చూసింది. నేనూ చూశాను. అందులో రెండు పొడి రేణువులు ఉన్నాయి.

"ఏవీ ముక్కలు?" అన్నారు అత్తగారు.

"నేను తినేశానండి," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

అత్తగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "సేదుగున్న కేకు ఎవులైనా పళ్ళెం ఊడ్సీసి తింతారేటే?" అన్నారు. తర్వాత జరిగిన బారసాలకి మొదటి పళ్ళెం మౌనికదే. అడ్డుపడి ఏడ్వడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

అందుచేత, మా ఇంటి దేవుడి సాక్షిగా, పొయ్యి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు లవంగ నూనె పంటికి తప్ప పాకానికి వాడను. ముక్కుని నమ్మి సీసా వంచను. తోటికోడలి తప్పుకి సాక్ష్యం నా చేతికి చిక్కితే, అది ఎంత రుచిగా ఉన్నా సరే, పెద్దవాళ్ళకి చూపించేదాకా ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోను. అసూయ పడనని మాత్రం అనలేదు, మరిచిపోకండి.